డిక్కీ ఎత్తితే కెమెరా పోతోంది, రెండ్రోజులు బండి తీయకపోతే బ్యాటరీ డౌన్. షోరూమ్ వాళ్లేమో బయట ఫిట్టింగ్ వల్లే అంటున్నారు

ఖమ్మం_కారు:
అన్నలందరికీ నమస్తే. మాది ఏడు సీట్ల పెట్రోల్ బండి, వారంటీలోనే ఉంది. రెండ్రోజులు బయటికి తీయకపోతే చాలు, తాళం తిప్పితే టకటకమని చప్పుడే తప్ప స్టార్ట్ అవ్వదు. పక్కింటాయన్ని బతిమాలి జంప్ స్టార్ట్ చేసుకుని పిల్లల్ని స్కూల్లో దింపుతున్నా.

షోరూమ్‌లో బ్యాటరీ మార్చమన్నారు, మార్చాం. మళ్లీ అదే కథ. ఇప్పుడేమో రివర్స్ కెమెరా బయటి షాపులో పెట్టించారు కాబట్టి వారంటీ రాదు, హార్నెస్ (వైర్ల కట్ట) మొత్తం మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అది చూసి మా నాన్న "ఆ డబ్బుకి స్కూటరొస్తుంది కదరా" అన్నారు.

ఇంకో సంగతి. నంబర్ ప్లేట్ లైటు ఒకసారి వెలుగుతుంది, ఒకసారి వెలగదు. రివర్స్ గేర్‌లో ఉండగా డిక్కీ ఎత్తితే కెమెరా బొమ్మ పోతుంది, దించితే వస్తుంది. దీనికీ బ్యాటరీకీ సంబంధం ఉందంటారా?

సెల్లార్_పార్కింగ్ (హైదరాబాద్):
ముందు బానెట్ ఎత్తి చూడు బ్రదర్. ఎలుకలు. మా అపార్ట్‌మెంట్‌లో వైర్లు కొరకని బండి లేదు.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్ (విజయవాడ):
ఎలుకలు కొరికితే డిక్కీ ఎత్తినప్పుడే బొమ్మ పోవడం ఎందుకండీ? ఖమ్మం సార్, మీరు చివర్లో రాసిందాంట్లోనే సగం జవాబు ఉంది.

డిక్కీ పైన, బందుల పక్కన, బాడీలోంచి డోర్‌లోకి వెళ్లే నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది, ముడతలు ముడతలుగా. నంబర్ ప్లేట్ లైటు, వెనక వైపర్, లాకు, అన్ని వైర్లూ అందులోంచే పోతాయి. డిక్కీ ఎత్తి దించినప్పుడల్లా ఒకే చోట వంగుతాయి. మన ఎండలకి పైతొడుగు పెళుసెక్కి పగులుతుంది, తర్వాత లోపలి రాగి పోగులు ఒక్కోటీ తెగుతాయి. కొన్ని వైర్లు పైకి నిక్షేపంగా కనిపిస్తాయి. పట్టుకుని కాస్త లాగితే రబ్బరులా సాగుతాయి, లోపల రాగి ఉండదు.

ఇక బ్యాటరీ. డిక్కీ మూసారా లేదా అని బండికి చెప్పే స్విచ్ లాకులోనే ఉంటుంది. దాని వైరు పోతే, డిక్కీ తెరిచే ఉందనుకుని బండి నిద్రపోదు. పడుకున్న బండి మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లలోపే లాగుతుంది. మేలుకుని ఒక ఆంపియర్ లాగిందనుకోండి, 45 ఏహెచ్ (ఆంపియర్-గంటల) బ్యాటరీ రెండ్రోజులకి ఖాళీ. కొత్తది వేసినా అంతే.

నమ్మకం కుదరకపోతే డీసీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టుకుని కరెంట్ కొలిచేది) బ్యాటరీ నెగటివ్ కేబుల్‌కి తగిలించి, బండి లాక్ చేసి అరగంట ఆగి చూడండి. వెంటనే చూస్తే ఏ బండైనా ఎక్కువే చూపిస్తుంది. అరగంటకీ తగ్గకపోతే ఫ్యూజులు ఒక్కోటీ తీయండి. ఏది తీస్తే రీడింగ్ పడిపోయిందో దొంగ ఆ లైన్లోనే ఉన్నాడు.

వారంటీ ఉంది కాబట్టి రబ్బరు మాత్రం మీరు విప్పొద్దు. వాళ్ల చేతే, మీ ఎదురుగా విప్పించండి.

బీచ్‌రోడ్_వైజాగ్:
విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. కెమెరా వల్లే అంటే, ఏ జాయింట్ వల్ల ఏ వైరు పోయిందో జాబ్ కార్డ్ మీద రాసి సంతకం పెట్టమనండి. నోటితో "వారంటీ రాదు" అనడం తేలికే, రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. అప్పటికీ వినకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, అయినా నానబెట్టకండి.

ఖమ్మం_కారు:
ఆటోనగర్ అన్నా, దండం మీకు. రబ్బరు కిందికి జరపగానే గోధుమరంగు వైరు రెండు ముక్కలై బయటికొచ్చింది. లాకు స్విచ్‌దట. పక్కన నల్ల ఎర్త్ వైరు పైతొడుగు పొలుసుల్లా రాలుతోంది, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. కెమెరా జాయింట్ అక్కడెక్కడా లేదు, కింద రివర్స్ లైటు దగ్గరుంది. కెమెరాకి కూడా ఆ ఎర్తే. అంటే అది కూడా బాధితురాలే! సర్వీస్ అడ్వైజర్ మొహం చూడాల్సింది. ఎస్టిమేట్ పక్కనపెట్టి, వారంటీకి కంపెనీ అప్రూవల్ రావాలి, అప్పటిదాకా టేప్ చుట్టి ఇస్తామంటున్నారు. ఒప్పుకోమంటారా?

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్ (విజయవాడ):
మెలిపెట్టి టేప్ చుడితే మళ్లీ అక్కడే తెగుతుంది. అప్రూవల్ వచ్చేదాకా బండి తీయని రోజుల్లో బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి పెట్టండి, బ్యాటరీ నిలుస్తుంది. హార్నెస్ మార్చకుండా రిపేరే చేస్తామంటే, వంగే చోట జాయింట్ ఉండకూడదని ముందే చెప్పండి. తెగిన ముక్క తీసేసి, అదే మందంలో మెత్తటి సన్నపోగుల వైరు వేసి, రబ్బరుకి అటూ ఇటూ బయట జాయింట్ చేయాలి. జాయింట్లన్నీ ఒకే చోట గుంపుగా రానివ్వకండి, రబ్బరు తిరిగి ఎక్కదు.