నాగావళి పెరుగుతోంది, రాత్రికి ఇల్లు ఖాళీ చేయాలంటే చేపల ట్యాంక్ ఏం చేయాలి?

గుజరాతీపేట కుర్రోడు (ఉదయం 10.20)

అందరికీ నమస్తే, కొంచెం అర్జెంట్. మాది శ్రీకాకుళం టౌన్, నాగావళి ఒడ్డు నుంచి రెండు వీధులు లోపలికి, గ్రౌండ్ ఫ్లోర్. మొన్నట్నుంచి ముసురు వదల్లేదు, పైన తోటపల్లి గేట్లు ఎత్తీసారు అంటున్నారు, పొద్దున్న సచివాలయం వాళ్ళు వచ్చి రాత్రికి స్కూల్‌కి వెళ్ళాల్సి రావచ్చు సర్దుకోండి అని చెప్పి వెళ్ళారు. బియ్యం, కాయితాలు, అమ్మ బీపీ మందులు అన్నీ అటక మీదకి ఎక్కించీసాం. మిగిలింది ట్యాంకే.

3 అడుగుల ట్యాంక్, వంద లీటర్లు పైనే ఉంటాది. గోల్డ్‌ఫిష్‌లు 4, అందులో రెండు ఒరాండాలు, ఒక పెద్ద సక్కర్ ఫిష్. ఇవి కాక చిన్న గిన్నెలో అమ్మ పెంచుతున్న ఫైటర్ ఒకటి. కిందటి నెలే క్యానిస్టర్ ఫిల్టర్ (మూసిన డబ్బాలో ఉండే రకం) కొన్నాను. కరెంటు ఇప్పటికే వస్తా పోతా ఉంది, ఇన్వర్టర్ ఉంది గానీ బ్యాటరీ మూడేళ్ళ పాతది. ట్యాంక్ ఎత్తుదామా, చేపల్ని తీసుకుపోదామా, ఇక్కడే వదిలీసి వెళ్దామా? యూట్యూబ్‌లో చూస్తే ట్యాంక్‌కి దుప్పట్లు చుట్టండి అంటున్నారు. నాన్నైతే "మనుషులకే దారి లేదు, నీ చేపలేట్రా" అని మొదలెట్టీసినారు.

కాశీబుగ్గ బావు (10.45)

దుప్పట్లు చుట్టకు బావూ, అది చలి దేశాలోళ్ళ గోల, ఆళ్ళకి హీటర్ ఆగిపోతే చేప చచ్చిపోద్ది. మనకి నీళ్ళు ఎంత చల్లగుంటే అంత మంచిది, గోల్డ్‌ఫిష్‌కి ఇంకా మంచిది.

తిత్లీ తుఫాను అప్పుడు, 2018 అక్టోబర్ 11 తెల్లారగట్ల, నవరాత్రులు నడస్తన్నాయి, మాకు స్తంభాలు వరసనే పడిపోయినాయి, కొబ్బరిచెట్లు ఇళ్ళ మీద, జీడితోటలు నేలమట్టం, కరెంటు మాటే లేదు రోజుల తరబడి. నా దగ్గర అప్పుడు రెండడుగుల ట్యాంక్, మోలీలు, గప్పీలు. ఇన్వర్టర్ మొదటి రాత్రికే అయిపోయింది, ఎందుకంటే బుద్ధి లేక ఫ్యాను కూడా ఏసుకున్నాం. ఆ తర్వాత ఏటి చేసినానంటే మగ్గు. అంతే, మగ్గుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్ళీ అందులోనే పొయ్యడం, ఒకపాలి యాభై మగ్గులు, రెండు మూడు గంటలకోపాలి, రాత్రి కూడా లేచి. మా ఆవిడ తిట్టని తిట్టు లేదు. కానీ ఆరు రోజుల్లో రెండే పోయినాయి.

ఇంకోటి, మేత ఆపీ. ఇప్పుడే ఆపీ. వారం తినకపోతే పెద్ద చేపకి ఏటీ అవదు, తింటేనే రెట్ట ఏస్తాది, ఆ రెట్ట కుళ్ళి అమోనియా అవుతాది. "పాపం ఆకలి" అని ఎవరైనా గింజలు చల్లితే చెయ్యి పట్టుకో.

రొయ్యల చెరువోడు (11.10)

పైనోడు చెప్పింది కరెక్ట్, నేను ఎచ్చెర్ల వైపు చెరువుల మీద పని చేస్తాను, ఇదే గోల మాకు ఎకరాల్లో ఉంటాది. లెక్క చెప్తాను విను, నీళ్ళు 20 డిగ్రీలుంటే లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడతాది, 30 డిగ్రీలకి ఏడున్నరే, అదీ నిండా గాలి కలిస్తే, ఏరేటర్ ఆగిపోయాక అది కూడా ఉండదు. అందుకే మాకు డీవో, అంటే నీళ్ళలో కలిసిన ఆక్సిజన్, తెల్లారగట్లే పడిపోతాది, రాత్రంతా నాచు, మొక్కలు కూడా ఆక్సిజన్ పీల్చీస్తాయి కాబట్టి. నీ ట్యాంక్‌లో మొక్కలుంటే రాత్రి వాటిని నమ్ముకోకు. చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఆకలని కాదు, ఊపిరాడక.

గాలి నీళ్ళలోకి వెళ్ళేది పై మట్టం మీదనుంచే. నీ ట్యాంక్ లోతు ఎక్కువ వెడల్పు తక్కువ, అదే నీళ్ళు రెండు పెద్ద టబ్బుల్లో పోస్తే గాలి తగిలే జాగా రెట్టింపు పైనే, పంపు లేకపోయినా చాలాసేపు బతుకుతాయి. మీ పైన మేడ ఉందా, ఎవరుంటారు? ఉంటే చేపల్ని అక్కడికి ఎక్కించు, ట్యాంక్‌ని కాదు. నీళ్ళతో ఉన్న ట్యాంక్ ఇద్దరు మోసినా అడుగు అద్దం వంగి సిలికాన్ ఊడిపోతాది, ఎంతమంది చేసారో ఈ పని.

టబ్బంటే ప్లాస్టిక్‌దే. ఇంట్లో పెద్ద రాగి గంగాళం ఉందికదా అని అందులో వెయ్యొద్దు, ఇత్తడి కూడా వద్దు, రాగి చేపలకి విషం. సర్ఫ్ నానబెట్టే బకెట్ కూడా వద్దు.

ట్యాంక్‌ని ఖాళీ చేసి వదిలీకు, వరద నీళ్ళు ఇంట్లోకొస్తే ఖాళీ ట్యాంక్ పడవలాగ తేలి గోడకి కొట్టుకుంటాది. మూడొంతులు నీళ్ళు ఉంచు, బరువుకి కదలదు.

ఒంటరి గప్పీ (11.25)

ఇంత టెన్షన్ ఎందుకు బ్రో, ఎలాగూ వరదే కదా, నాగావళిలో వదిలెయ్, హ్యాపీగా ఈదుకుంటూ కళింగపట్నం వెళ్ళిపోతాయి 😂

రొయ్యల చెరువోడు (11.31)

నాగావళి కళింగపట్నం పోదు, కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాది, కళింగపట్నం వంశధారది. ముందు అది నేర్చుకో. రెండోది, సక్కర్ ఫిష్‌ని ఏట్లో వదలడం అంటే జాలర్ల పొట్ట కొట్టడమే, ఇలా ఎవడో అక్వేరియం వోడు వదిలినవే ఇప్పుడు కృష్ణా, గోదావరి వైపు వలల్లో పడుతున్నాయి, వాటి ముళ్ళకి వలలు చిరిగిపోతాయి, తిందామంటే ఎవడూ కొనడు. ఒరాండా అయితే ఆ ప్రవాహంలో పది నిమిషాలు ఉండదు.

గంటస్తంభం టీచరమ్మ (మధ్యాహ్నం 12.05)

మాది విజయనగరం. బాబూ, అందరూ కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో చెప్తున్నారు, నేను కరెంటు వచ్చాక సంగతి చెప్తాను, ఎందుకంటే నా చేపలు పోయింది అప్పుడే.

హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఇక్కడ సిరిమాను పండగ అయి ఇంకా వారం కూడా కాలేదు. నాలుగో రోజు దాకా నేనూ మా పిల్లలూ వంతులేసుకుని ఇలాగే మగ్గులు పోసాం, ఏంజెల్ ఫిష్ జంట, గౌరామీలు, ఒక్కటీ పోలేదు. కరెంటు వచ్చింది, వీధంతా కేకలు, నేను పరిగెత్తుకెళ్ళి ముందు ఫిల్టర్ స్విచ్ వేశాను. క్యానిస్టరే, నీ దగ్గరున్న లాంటిదే. లోపల్నుంచి నల్లటి నీళ్ళు, కుళ్ళిన గుడ్డు వాసన. గంటలో ఏంజెల్స్ రెండూ పక్కకి ఒరిగిపోయాయి. నాలుగు రోజులు కాపాడుకున్నవి నా చేత్తో నేనే... ఇప్పటికీ తల్చుకుంటే అదోలా ఉంటుంది.

తర్వాత తెలిసింది ఏంటంటే, ఆ మూసిన డబ్బాలో మంచి బ్యాక్టీరియా ఉంటుంది, దానికీ గాలి కావాలి, నీళ్ళు కదలడం ఆగితే లోపలున్న ఆక్సిజన్ కొద్ది గంటల్లోనే అయిపోతుంది, అది చచ్చి, కుళ్ళబెట్టే రకం బ్యాక్టీరియా పెరుగుతుంది. కాబట్టి నువ్వు ఇప్పుడే దాన్ని విప్పి, స్పాంజ్, రింగులు తీసి ట్యాంక్ నీళ్ళున్న వెడల్పాటి టబ్‌లో వెయ్యి, చేపల్ని పెట్టే టబ్‌లోనే వేసినా మంచిదే. కరెంటు వచ్చాక డబ్బా, పైపులు శుభ్రంగా కడిగి అప్పుడు బిగించు. స్పాంజ్‌ని మాత్రం కుళాయి నీళ్ళతో కడక్కు.

వరద తగ్గాక మున్సిపాలిటీ వాళ్ళు బ్లీచింగ్ మామూలు కన్నా గట్టిగా వేస్తారు, ఆ నీళ్ళు నేరుగా పోస్తే మొప్పలు మాడిపోతాయి. ఇప్పుడే రెండు బకెట్లు మంచి నీళ్ళు పట్టి దాచుకో.

కాశీబుగ్గ బావు (12.15)

టీచరమ్మగారు చెప్పింది నాకూ తెలీదు. నా దగ్గర మూసిన డబ్బా కాదు, స్పాంజ్ ఫిల్టర్ కాబట్టి బతికిపోయినాను కావాల.

గుజరాతీపేట కుర్రోడు (12.40)

చాలా థాంక్స్ అందరికీ. పైన హౌస్ ఓనర్ వాళ్ళుంటారు, ఆంటీని అడిగాను, వరండాలో పెట్టుకో అన్నారు. క్యానిస్టర్ విప్పేసాను, స్పాంజ్ బయట పెట్టాను మేడమ్. ఇన్వర్టర్ మీద ఎయిర్ పంప్ ఒకటే వేస్తే ఎంతసేపు రావచ్చు? ఫైటర్‌ని ఏం చేయాలి, దానికి పంపు లేదు.

రొయ్యల చెరువోడు (1.05)

ఫైటర్ గురించి బెంగ వద్దు, అది పైకొచ్చి గాలి మింగి బతికే జాతి, మన కొరమీను లాగే. సీసాలో సగం నీళ్ళు, సగం గాలి, మూతకి చిల్లులు, మీతోపాటు పట్టుకుపో.

ఇన్వర్టర్ లెక్క: 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాయితం మీద 12 ఇంటూ 150, 1800 వాట్ అవర్లు. పాతది కాబట్టి సగం అనుకో, 900. ఎయిర్ పంప్ తాగేది 4, 5 వాట్లే, కానీ ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే చాలు, అదే ఓ 15 వాట్లు తినేస్తాది, కాబట్టి ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఆపితే రెండు రోజులకి దగ్గర్లో రావచ్చు. కానీ నీ ఇన్వర్టర్ గ్రౌండ్ ఫ్లోర్‌లో కదా? నీళ్ళొస్తే ముందు మునిగేది అదే. దాన్ని మర్చిపో, వెళ్ళేటప్పుడు మెయిన్ దించీసి వెళ్ళు. తిరిగొచ్చాక నేల తడిగా ఉంటే ప్లగ్గుల మీద చెయ్యి వెయ్యకు, చేప పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

యూఎస్‌బీ ఎయిర్ పంప్ ఒకటి తెచ్చుకో, చేపలషాపులో ఉంటాది, ఒక వాటు అటూ ఇటూ తాగుతాది. పదివేల ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ మీద దాదాపు ఒక రోజు నడుస్తాది. కొన్ని పవర్‌బ్యాంకులు లోడ్ తక్కువని వాటంతటవే ఆగిపోతాయి, ముందే పెట్టి చూసుకో.

పైన టబ్బు కూడా కుదరకపోతే అదే షాపులో ఆక్సిజన్ ప్యాకింగ్ చేయించు. ఒక వంతు నీళ్ళు, రెండు వంతులు ఆక్సిజన్, డబుల్ కవర్, థర్మాకోల్ పెట్టెలో చీకట్లో. ఒక రోజు దాకా ఢోకా ఉండదు. థర్మాకోల్ పెట్టె చేపల మార్కెట్‌లో ఎవరినడిగినా ఇస్తారు, బాగా కడుగు.

గంటస్తంభం టీచరమ్మ (1.20)

టబ్బుల మీద దోమతెర కట్టడం మర్చిపోకు. కొత్త చోట గోల్డ్‌ఫిష్‌లు ఎగురుతాయి, సక్కర్ అయితే రాత్రి బయటికి పాకేస్తుంది. మూత మాత్రం పెట్టకు. పైనింటి ఆవిడకి మేత వెయ్యొద్దని చీటీ రాసి టబ్ మీద అంటించు, నోటితో చెప్తే పిల్లలెవరో బిస్కెట్ వేస్తారు.

గుజరాతీపేట కుర్రోడు (మూడు రోజుల తర్వాత, సాయంత్రం 6.30)

అప్‌డేట్. ఆ రాత్రి 9 గంటలకి స్కూల్‌కి వెళ్ళాం, రెండు రాత్రులు అక్కడే. ఇంట్లోకి మోకాలి కింద దాకా నీళ్ళొచ్చాయి, ఇప్పుడు బురద ఎత్తుతున్నాం, ఇంకా వదల్లేదు. ట్యాంక్ స్టాండ్ ప్లైవుడ్ ఉబ్బిపోయింది, అద్దం బాగానే ఉంది, కదల్లేదు. ఇన్వర్టర్ పోయింది.

చేపలు రెండు టబ్బుల్లో పైన. యూఎస్‌బీ పంప్ ఒక్కటే దొరికింది, ఒరాండాలున్న టబ్‌లో పెట్టాను, పవర్‌బ్యాంక్ మీద ఇరవై గంటలు వచ్చిందట. రెండో టబ్‌కి ఆంటీ వాళ్ళబ్బాయి మగ్గు డ్యూటీ. మామూలు గోల్డ్‌ఫిష్ ఒకటి పోయింది, అది ముందు నుంచే కొంచెం నలతగా ఉంది. మిగతావి ఉన్నాయి. సక్కర్ నిజంగానే దోమతెర దాకా ఎక్కింది మేడమ్.

ఫైటర్ హార్లిక్స్ సీసాలో అమ్మ ఒళ్ళో స్కూల్‌కి వచ్చింది. అక్కడ పిల్లలంతా దాని చుట్టూనే, ఒకడైతే పులిహోర మెతుకు వెయ్యబోయాడు, నాన్న అరిచారు, "మేత వెయ్యకూడదురా, అమోనియా వస్తాది" అని.

కరెంటు ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. క్యానిస్టర్ కడిగి బిగించాను, చేపల్ని ట్యాంక్‌లోకి మార్చాను. కానీ నీళ్ళు తెల్లగా మబ్బుగా అయ్యాయి, పలచని మజ్జిగ లాగ. వాసన లేదు. మొత్తం నీళ్ళు మార్చీమంటారా?

గంటస్తంభం టీచరమ్మ (7.10)

మొత్తం మార్చకు. అది బ్యాక్టీరియా మళ్ళీ కుదురుకుంటున్న మబ్బు, కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది. గాలి బాగా పెట్టు, రోజూ పావు వంతు మాత్రం, ఆ దాచిన నీళ్ళతో మార్చు. మేత ఇంకో రెండు రోజులు వద్దు, తర్వాత కూడా చిటికెడే.

రొయ్యల చెరువోడు (7.25)

దాచిన నీళ్ళు అయిపోతే క్లోరిన్ విరిచే హైపో కొద్దిగా కలిపి కుళాయి నీళ్ళు వాడొచ్చు, చేపలషాపులో యాంటీ క్లోరిన్ అని అమ్మేది కూడా ఎక్కువగా అదే. జియోలైట్ ఓ గుప్పెడు కడిగి గుడ్డలో మూటకట్టి ఫిల్టర్ దగ్గర పెట్టు, అమోనియా లాగుతాది. నా దగ్గర సగం బస్తా పడుంది, శ్రీకాకుళం వచ్చినప్పుడు డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఇస్తాను, మెసేజ్ పెట్టు.