2020ల ట్రంపే గెలిచిండని ఇంకా ఎందుకు నమ్ముతుండ్రు?

మిర్యాలగూడ_శీను:
అన్నలూ ఒకటి అడగాలె. మా బావ డల్లాస్‌ల ఉంటడు, మంచి చదువుకున్నోడు, కానీ ఫ్యామిలీ గ్రూప్‌ల ఇప్పటికీ 2020ల ఓట్లు దొంగతనం చేసిండ్రు అని వీడియోలు పెడ్తనే ఉంటడు. రాత్రి ట్రంప్ ముందుండె, తెల్లారేసరికి బైడెన్ ఎట్ల ముందుకొచ్చిండు అంటడు. 60కి పైన కేసులేస్తే దాదాపు అన్నీ కోర్టులు కొట్టేసినయి కదా, మరి ఎట్ల నమ్ముతుండ్రు?

పాలమూరు_పిల్లగాడు:
కరోనా టైంల చానా మంది పోస్టుల ఓటేసిండ్రు, అండ్ల బైడెన్ పార్టీ డెమోక్రాట్లే ఎక్కువ, ఎందుకంటే పోస్టు ఓటు నమ్మొద్దని ట్రంపే చెప్పుకుంట తిరిగిండు. పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌ల పోలింగ్ రోజు దాక ఆ కవర్లు విప్పొద్దని రూలు, గందుకే అవి లేటుగ లెక్కకొచ్చినయి. మన లెక్క అంతటా ఒక్క ఎన్నికల సంఘమే ఓట్లు లెక్కపెట్టుడు ఆడ ఉండదు, ఏ రాష్ట్రం పద్ధతి ఆ రాష్ట్రానిదే.

నకిరేకల్_లక్ష్మి:
జార్జియా రాష్ట్రం సంగతి చెప్పు మీ బావకు. 50 లక్షల దాక ఓట్లు చేతులతోటి మల్ల లెక్కపెట్టిండ్రు, చివరికి బైడెన్ మెజార్టీ 11,779. ట్రంప్ 2021 జనవరి 2న ఆడ ఎన్నికలు చూసే పెద్ద అధికారి రాఫెన్స్‌పర్గర్‌కు ఫోన్ చేసి నాకు 11,780 ఓట్లు వెతికియ్యి అన్నడు, ఆయన ట్రంప్ పార్టీ రిపబ్లికనే, అయినా ఒప్పుకోలే. ఆయన ఒప్పుకుంటే ఏమయ్యేదో!

దేవరకొండ_యాదగిరి:
అన్నీ నిజమే గానీ నమ్మినోళ్లను పిచ్చోళ్లు అనకుండ్రి. ఫ్యాక్టరీలు మూతపడ్డ ఊర్లు ఉన్నయి ఆడ, 2008ల బ్యాంకులను కాపాడిండ్రు, ఇండ్లు పోయినోళ్లను ఎవ్వలు చూడలే. కడుపు మండినోనికి నీ ఓటు కూడ గుంజుకున్నరు అని చెప్తే జల్ది ఎక్కుతది. మన నల్లగొండల ఫ్లోరైడ్ నీళ్ల కోసం 1996ల పార్లమెంటుకు 480 మంది నిలబడ్డరు, బ్యాలెట్ పుస్తకమంత అయింది. గది కూడ కోపమే, కానీ ఓటు దారిలనే సూపిచ్చిండ్రు.

నకిరేకల్_లక్ష్మి:
యాదగిరన్నా, కోపం నిజమే అన్నా, దాని మీద అబద్ధం అమ్మినోళ్లను మాత్రం ఇడిచిపెట్టొద్దు. ఓటింగ్ మిషన్ల మీద లేనివి చెప్పినందుకు ఫాక్స్ న్యూస్ టీవీ 2023ల ఆ మిషన్లు చేసే డొమినియన్ కంపెనీకి 78 కోట్ల డాలర్లకు పైన కట్టింది, లోపల వాళ్ల యాంకర్లే ఈ మాటలు నమ్మలేదని కోర్టు కాయిదాలల్ల బయటపడ్డది. అట్లాంటాల ఓట్లు లెక్కపెట్టిన తల్లీబిడ్డలను దొంగలన్నరు, బెదిరింపులకు తల్లి ఇల్లిడిచి పోవాల్సొచ్చింది. రేపు లెక్కపెట్టనీకి ఎవ్వలొస్తరు చెప్పు?