పరిచర్యలో బోధకుడి ఉద్దేశం చూడాలా, సువార్త ప్రకటన సరిగా ఉంటే చాలా?

గలిలయ తీరం: ఫిలిప్పీ 1:15–18 చూడండి. అసూయతో, కలహబుద్ధితో క్రీస్తును ప్రకటించేవాళ్లున్నారని పౌలుకు తెలుసు. తెలిసీ "అయిననేమి?" అని సంతోషించాడు. బోధకుడి మనసు తవ్వడం మన పని కాదు. 1 కొరింథీ 4:5 దాన్ని ప్రభువుకే వదిలింది.

బెరయ పాఠకుడు: అన్నా, అక్కడే 18లో వాళ్లు "మిష"తో, అంటే పైకి నటనతో, ప్రకటించారని ఉంది; ఆ "మిష"కు గ్రీకు మాట ప్రోఫసిస్. 1 థెస్స 2:5లో ధనలోభాన్ని కప్పే "వేషం" కూడా అదే మాట. అలాంటి వేషం వేయలేదని పౌలు దేవుణ్ణే సాక్షిగా పెట్టాడు. పోటీ బోధకులు నొప్పించింది పౌలునే. డబ్బాశ ఉన్న కాపరి మందనే తినేస్తాడు. అందుకే 1 తిమోతి 3:3 ధనాపేక్ష లేనివాణ్ణే అధ్యక్షుడిగా, అంటే సంఘ కాపరిగా, పెట్టమంది.

గలిలయ తీరం: మాట ఒకటైతే సందర్భం ఒకటైపోదు. రోమా ప్రభుత్వ హింసలో లేఖనాలు అప్పగించిన బిషప్పు చేసిన అభిషేకం చెల్లదని ఉత్తర ఆఫ్రికాలో విడిపోయిన డోనటిస్టులనే వర్గం పట్టుబట్టింది. క్రీ.శ. 314లో ఆర్ల్ పట్టణంలో కూడిన బిషప్పుల సభ చెల్లుతుందంది. మీ లెక్కన, ఉద్దేశం చెడ్డ కాపరి ఇచ్చిన మన బాప్తిస్మాల గతేంటి?

బెరయ పాఠకుడు: చెల్లవని నేనెక్కడన్నాను? బాప్తిస్మం చెల్లడం వేరు, ఆ మనిషిని కాపరిగా ఉంచడం వేరు.

ప్రార్థన గది: ఫిలిప్పీ దగ్గరే ఎంతసేపు బ్రదర్స్?

కానుక సంచి: మనసు కనపడదు, సంచి కనపడుతుంది. ఆరాధన అవగానే, సంచి మందిరం దాటకముందే, బంధుత్వం లేని ఇద్దరు లెక్కపెట్టాలి. 500లు ఎన్ని, 100లు ఎన్ని, చిల్లర ఎంత అని పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం మొత్తం బ్యాంకులో పడాలి. అతిథి బోధకుడి దారిఖర్చు సంచిలోంచే తీసిచ్చారా, పుస్తకానికీ పాస్‌బుక్‌కీ పొంతన పోతుంది, అనుమానం అక్కడే మొదలవుతుంది. చందా విషయంలో పౌలు కూడా తనొక్కడే మోయలేదు, సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:19–21).

గలిలయ తీరం: లెక్కలడిగే పెద్దలే జీతం ఆపుతారు! మూడు నెలలు ఆపి, నోరు తెరిచి అడిగితే "డబ్బు మనిషి" అని ముద్ర. ఉద్దేశం అనేది అయ్యగారిని లొంగదీసే కర్ర అయిపోయింది.

బెరయ పాఠకుడు: ఈ మాట మొదటే అనాల్సింది. నా గొడవ లెక్క చూపమంటే "అభిషక్తుణ్ణి ముట్టకు" అనేవాళ్లతో.

కానుక సంచి: అయితే జీతం ఎంతో, ఏ తేదీకిస్తారో తీర్మానాల పుస్తకంలో రాయించండి. పనివాడు జీతానికి పాత్రుడని 1 తిమోతి 5:18. ఆ తర్వాతి వచనమే, ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్దమీద, అంటే కాపరిమీద కూడా, నేరం ఒప్పుకోవద్దంది.

గలిలయ తీరం: ఆ రెండు వచనాలూ పెద్దలు పాటిస్తే సంచి ఎవరు లెక్కపెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఫిలిప్పీ గురించి మాత్రం బెరయగారు చెప్పింది ఒప్పుకోను.