పెద్దమ్మను ‘పితామహుడు’ అనలేం కదా, మరేమనాలి?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. మా పెద్దమ్మ ముప్పై ఏళ్ల కిందట ఇంటి వసారాలో ఒక ట్రంకు పెట్టె నిండా పుస్తకాలు పెట్టుకుని, ఊళ్లో ఆడవాళ్లకు చదవడానికి ఇస్తూ ఉండేది. ఇప్పుడది రెండు గదుల గ్రంథాలయం. వచ్చే ఆదివారం ఆమెకు సన్మానం. ఫ్లెక్సీ మీద పేరు కింద ఏం రాయాలో తేలడం లేదు. మగవాళ్లయితే ‘గ్రంథాలయ పితామహుడు’ అని కొట్టించి ఊరుకునేవాళ్లం. ‘వ్యవస్థాపకురాలు’ అందామంటే, కంపెనీ పెట్టినట్టుందని మా తమ్ముడు నవ్వుతున్నాడు. ఇంకేదైనా మాట ఉంటే చెప్పండి.

జవాబు:
అమ్మా, పితామహుడు కుదరకపోవడమే మంచిదైంది. ఆ మాటకు ‘అందరికంటే ముందు చేసినవాడు’ అని అర్థం కట్టేశాం గానీ, మన పాత బిరుదుల్లో చూస్తే అలా లేదు. అల్లసాని పెద్దన ఆంధ్ర కవితా పితామహుడు. ఆయనది 16వ శతాబ్దం. నన్నయ భారతం మొదలుపెట్టింది 11వ శతాబ్దంలో. మధ్యలో తిక్కన, ఎర్రన, శ్రీనాథుడు, పోతన అందరూ వచ్చి వెళ్లారు. అంత ఆలస్యంగా వచ్చినాయన వీళ్లందరికీ తాత ఎలా అయ్యాడు?

అమరకోశం తీయండి. బ్రహ్మ పేర్లు చెప్పే చోట మొదటి వరసలోనే ఉంది: ‘బ్రహ్మాత్మభూః సురజ్యేష్ఠః పరమేష్ఠీ పితామహః’. పెద్దన బిరుదులో ఉన్నది తాత కాదు, ఈ బ్రహ్మే అని నా నమ్మకం. కవిత్వ సృష్టిలో అంతటివాడని పొగడ్త. ముందు వచ్చినవాడికి ‘ఆదికవి’ అని వేరే మాట ఉండనే ఉంది. వరసకొకటి, స్థాయికొకటి. రెండిటినీ కలిపేసింది మనమే. ఇంగ్లీషు వాళ్లు ఫలానా దానికి ఫాదర్ అన్నప్పుడల్లా మనం పితామహుడు అంటాం. గాంధీగారు జాతిపిత దగ్గరే ఆగారు గానీ, స్వామినాథన్ గారు హరిత విప్లవ పితామహుడయ్యారు. తండ్రి కాస్తా తాతయ్యాడు, ఎందుకని ఎవరూ అడగలేదు.

పితామహి అనే మాట నిఘంటువులో ఉంది, నాయనమ్మ అని. గ్రంథాలయ పితామహి అంటే గ్రంథాలయానికి నాయనమ్మ అవుతుంది. (మీ పెద్దమ్మగారికి నచ్చుతుందేమో, అడిగి చూడండి.)

నా ఓటు ‘ఆద్యురాలు’కు. ఆద్యుడు, ఆద్యురాలు అంటే మొదటివారు, అంతే. బిరుదు బరువు లేదు, తేదీలు చూసి తేల్చుకోవచ్చు. తొలి తెలుగు కథ సంగతే చూడండి. 1910లో వచ్చిన గురజాడ వారి ‘దిద్దుబాటు’ అని చాలాకాలం చదువుకున్నాం. భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ 1902 నాటిది. ఆద్యురాలు ఆమే అంటే గురజాడకు పోయేదేమీ లేదు, ఎందుకంటే ఆయన పెట్టింది ఒరవడి. ఒరవడి అంటే పిల్లలు దిద్దుకోవడానికి పంతులు రాసిచ్చే వరస. ముందు ఎవరు రాశారన్నది ఒక లెక్క, తర్వాతివాళ్లు ఎవరి అక్షరాల మీద దిద్దారన్నది ఇంకో లెక్క.

మరొకరు:
వైతాళికురాలు అంటే గంభీరంగా ఉంటుంది కదా మాస్టారూ?

మాస్టారు:
గంభీరంగానే ఉంటుంది. వైతాళికుడి పని రాజును మేలుకొలుపు పాటలతో నిద్రలేపడం. జనాన్ని లేపాడు కనుక కందుకూరి వీరేశలింగం గారికి ఆ మాట అతికింది. ఈమె పుస్తకాలిచ్చి ఆడవాళ్లను రాత్రిళ్లు నిద్ర మాన్పించి ఉంటే ఆలోచిద్దాం. ఇంకోటి, ‘ఆవిష్కర్త’ అని మాత్రం రాయకండి. కొత్తది కనిపెట్టినవాడని అర్థం ఉన్నా, మన సభల్లో ఆవిష్కర్త అంటే పుస్తకం రాసినవాడు కాదు, దాని మీది రిబ్బను విప్పే ముఖ్య అతిథి.

ఇంకొకరు:
అన్నీ సంస్కృతమేనా? తెలుగు మాట ఒక్కటీ దొరకలేదా?

మాస్టారు:
తెలుగువాడు మనిషికి పేరు పెట్టడం కంటే పని చెప్పడానికే ఇష్టపడతాడు. పునాది వేసింది, బోణీ చేసింది, కొబ్బరికాయ కొట్టింది అంటాం. అక్షరాన్ని ‘చుట్టడం’ కూడా మనకే చెల్లింది. రాత శ్రీతో మొదలుపెట్టడం శుభమని శ్రీకారం చుట్టేవాళ్లు. నన్నయ భారతంలో మొదటి పద్యం ‘శ్రీవాణీగిరిజాః’ అనే మొదలవుతుంది. ‘నాంది పలికింది’ మాత్రం సంస్కృత నాటకం నుంచి వచ్చింది. ఆట మొదట్లో చదివే మంగళ శ్లోకమే నాంది. ఫ్లెక్సీ మీద బిరుదు ఉండి తీరాలన్న పట్టుదల లేకపోతే, ‘ఈ గ్రంథాలయానికి శ్రీకారం చుట్టింది ఈమే’ అన్నా సరిపోతుంది.

హైదరాబాద్ నుంచి ఒకరు:
మా బాధ కూడా వినండి. స్టార్టప్‌కు పేపర్లవాళ్లు ‘అంకుర సంస్థ’ అని చక్కటి మాట కుదిర్చారు. దాన్ని పెట్టినవాణ్ని మాత్రం ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్త’ అంటున్నారు. ఔత్సాహిక నాటక సమాజంలో వేషం కట్టినవాడిలా ఉంది. ఆరేళ్లుగా జీతాలిస్తున్నాను, ఇంకా ఉత్సాహమేనా?

మాస్టారు:
ఆరేళ్లు దాటాక మిగిలింది ఉత్సాహమో టెన్షనో మీకే తెలియాలి బాబూ. ‘ఫలానా సంస్థ పెట్టినాయన’ అనమనండి.

అడిగినావిడ:
అందరికీ ధన్యవాదాలు. పెద్దమ్మను అడిగాను. నాయనమ్మ వద్దు, ఉన్న మనవలు చాలు అంది. ‘మా ఊరి గ్రంథాలయానికి ఆద్యురాలు’ అని ఖాయం చేసి పంపాం. షాపువాడు ‘ఆధ్యురాలు’ అని వత్తు తగిలించి ఎనిమిదడుగుల ఫ్లెక్సీ కొట్టేశాడు. మళ్లీ వేయమంటే సగం డబ్బులు అడుగుతున్నాడు. ఆ వత్తు మీద చామంతి దండ వేస్తే కనపడదంటున్నాడు తమ్ముడు.