టెండన్ నొప్పికి ఫ్రిక్షన్ మసాజ్ ఇంకా చేయాలా, మానేయాలా?

ఫిజియో, కూకట్‌పల్లి:
ఆగస్టు మారథాన్ దగ్గర పడేకొద్దీ మడమ వెనక నొప్పితో వచ్చేవాళ్లు పెరుగుతారు. టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) మీద అడ్డంగా, లోతుగా రుద్దే ఫ్రిక్షన్, అంటే సిరియాక్స్ అనే డాక్టర్ పేరుతో ఉన్న పద్ధతి, ఇక్కడి చాలా క్లినిక్‌లలో ఇప్పటికీ మొదటి చికిత్స. అసలు చెయ్యే వేయొద్దు, వ్యాయామం ఒక్కటే చాలు అనేవాళ్లూ ఉన్నారు. మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ విషయంలో ఏది సబబు? "మా దగ్గర పని చేసింది" అని వదిలేయకుండా, ఎందుకో చెప్పండి.

మాన్యువల్ థెరపిస్ట్, దిల్‌సుఖ్‌నగర్:
చేయాలనే అంటాను, కానీ సరిగ్గా చేయాలి. పేషెంట్‌ను బోర్లా పడుకోబెట్టి పాదం మంచం అంచు దాటి ఉండేలా చూడాలి. నూనె, పౌడర్ వద్దు. వేలూ చర్మమూ కలిసి కదలాలి. వేలు జారిందంటే చర్మం పొక్కుతుంది తప్ప టెండన్‌కు ఏమీ అందదు. రెండు మూడు నిమిషాల్లో ఆ చోటు మొద్దుబారాలి. బారకపోతే ఆపేయాలి, బారితే పది నిమిషాల దాకా చేయొచ్చు, మళ్లీ రెండు రోజుల తర్వాతే. కుంటుతూ వచ్చిన మనిషిని నేరుగా మెట్టెక్కించి మడమ ఎత్తమంటే రెండో రోజుకే మానేస్తాడు. ముందు నొప్పి కాస్త తగ్గించి, ఆ వెసులుబాటులోనే వ్యాయామం చేయించాలి.

స్పోర్ట్స్ ఫిజియో, గచ్చిబౌలి:
నొప్పి కాసేపు తగ్గుతుందన్న మాటతో నాకు పేచీ లేదు సార్. "అతుక్కున్న పీచులను విడగొడుతున్నాం" అని పేషెంట్‌కు చెప్పడంతోనే పేచీ. చాలాకాలంగా ఉన్న టెండన్ నొప్పిలో కనిపించేది వేరు: కొల్లాజెన్ అనే ప్రోటీన్ పీచుల వరస చెదిరి ఉంటుంది, మధ్యలో నీరు పట్టి ఉంటుంది, కొత్త రక్తనాళాలు చొచ్చుకొస్తాయి. బొటనవేలితో రుద్దితే ఆ వరస సర్దుకోదు. మోచేయి, మోకాలి పక్క నొప్పులకు డీప్ ఫ్రిక్షన్ మీద 2014లో కోక్రేన్ సమీక్ష (ఒక చికిత్స మీద జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కలిపి బేరీజు వేసేది) వచ్చింది. అందులోకి తీసుకోదగ్గ ట్రయల్స్ రెండే దొరికాయి, అవీ చిన్నవి. ఉపయోగం ఉందనడానికి వాటి ఆధారం చాలలేదు.

టెండన్‌ను మార్చేది బరువు. 1998లో స్వీడన్ డాక్టర్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం ఇచ్చిన వ్యాయామ లెక్క అందరికీ తెలిసిందే: మెట్టు అంచున నిలబడి మడమ కిందికి దించడం, మోకాలు నిటారుగా 15 చొప్పున 3 సెట్లు, మోకాలు కాస్త వంచి మరో 3 సెట్లు, రోజుకు రెండుసార్లు, 12 వారాలు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు ఇది కుదరదు. దాని బదులు వారానికి మూడు రోజులు, నిదానంగా, భారీ బరువుతో చేసినా ఫలితం దానికి తీసిపోదని 2015 ట్రయల్‌లో తేలింది. ఎత్తడానికి 3 సెకన్లు, దించడానికి 3 సెకన్లు. మొదటి వారం 15 సార్లకు మించి ఎత్తలేని బరువు, తర్వాత మెల్లగా పెంచుతూ 6 సార్లకు మించి ఎత్తలేని బరువు దాకా. జిమ్ లేకపోతే వీపు బ్యాగులో 5 కిలోల బియ్యం సంచితో మొదలుపెట్టొచ్చు.

తప్పులు ఇక్కడే జరుగుతాయి. రెయిలింగ్‌ను పట్టుకుని సగం బరువు చేతుల మీద వేస్తారు. దించేటప్పుడు ఒక్కసారిగా వదిలేస్తారు. నొప్పి తగ్గిందని మూడో వారంలోనే ఆపేస్తారు. చేసేటప్పుడు నొప్పి పదికి ఐదు దాకా వచ్చినా భయం లేదు, కానీ మర్నాడు పొద్దున్నకు మామూలు స్థాయికి దిగాలి. దిగలేదంటే బరువు తగ్గించాలి, వ్యాయామం మానకూడదు.

మాన్యువల్ థెరపిస్ట్, దిల్‌సుఖ్‌నగర్:
మేడం, మీ ప్లాన్‌తో నాకు తేడా లేదు. నొప్పి తగ్గించడాన్ని చిన్నచూపు చూడొద్దన్నదే నా మాట. పన్నెండు వారాలు పేషెంట్‌ను నిలబెట్టేది అదే.

స్పోర్ట్స్ ఫిజియో, గచ్చిబౌలి:
నిలబెట్టడం వేరు, సిట్టింగ్‌లకు అలవాటు చేయడం వేరు. రోజూ రుద్దించుకోవడమే చికిత్స అని పేషెంట్ మనసులో పడితే ఇంట్లో మెట్టు ఎక్కడు. పదిహేను సిట్టింగ్‌ల డబ్బు ముందే కట్టించుకునే చోట్ల ఇదే జరుగుతోంది.

ఆర్థో, సికింద్రాబాద్:
ఇద్దరూ నొప్పి ఎక్కడుందో చెప్పకుండా మాట్లాడుతున్నారు. మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన నొప్పి ఉంటే మీ మాటలన్నీ వర్తిస్తాయి. టెండన్ ఎముకకు అతికే చోట నొప్పి ఉంటే లెక్క మారుతుంది. అక్కడ మడమను మెట్టు కిందికి దించితే టెండన్ ఎముకకు ఒత్తుకుంటుంది. నేల మట్టం వరకే దించాలి. పిక్క స్ట్రెచ్‌లు, గొంతుక్కూర్చోవడం కొన్నాళ్లు ఆపాలి. ఇంట్లో గచ్చు మీద ఉత్త కాళ్లతో తిరక్కుండా మడమ ఎత్తున్న చెప్పులు వేసుకోవాలి. ఆ చోట ఫ్రిక్షన్ చేయడమంటే అసలే ఒత్తుడు పడుతున్న చోట ఇంకా ఒత్తడమే, పక్కనే బర్సా (రాపిడి తగ్గించే చిన్న ద్రవపు సంచి) కూడా ఉంటుంది.

చెయ్యి వేసే ముందు నాలుగు చూడండి. బోర్లా పడుకోబెట్టి పిక్క పిండండి. పాదం కదలకపోతే టెండన్ తెగినట్టే అనుకుని ఆ రోజే డాక్టర్ దగ్గరికి పంపండి. ఈ మధ్య సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వాడారా అని అడగండి, అవి టెండన్‌ను దెబ్బతీయొచ్చు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని వేసుకున్నవాళ్లు తమంతట తాము చెప్పరు. అరవై దాటినవాళ్లలో, స్టెరాయిడ్ కూడా వాడుతున్నవాళ్లలో తెగే ప్రమాదం ఎక్కువ. రెండు మడమలూ నొప్పిగా ఉండి, పొద్దున నడుము బిగుసుకుని గంట దాకా వదలకపోతే రుమటాలజిస్ట్‌కు (కీళ్లవాతం డాక్టర్‌కు) పంపాలి. రెండు టెండన్లూ గడ్డకట్టినట్టు లావుగా తగిలితే కొలెస్ట్రాల్ పరీక్ష చేయించాలి.

ఫిజియో, కూకట్‌పల్లి:
అతికే చోట ఫ్రిక్షన్ వద్దన్నది స్పష్టమైంది సార్. మధ్య భాగంలో చేస్తే ఎన్ని సిట్టింగ్‌ల దగ్గర ఆపాలి?

మాన్యువల్ థెరపిస్ట్, దిల్‌సుఖ్‌నగర్:
వారానికి రెండు సిట్టింగ్‌ల చొప్పున చేయండి, మొత్తం మూడు వారాలకు మించొద్దు. ప్రతిసారీ ముందు ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు ఎత్తగలడో లెక్కపెట్టి రాసుకోండి. రెండు వారాలైనా ఆ అంకె పెరగకపోతే ఫ్రిక్షన్ ఆపి, ఇంట్లో ఎంత బరువుతో చేస్తున్నాడో కూర్చోబెట్టి అడగండి.