సమస్యాపూరణం: రెక్క లేని పిట్ట రివ్వుమనెను

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం, "రెక్క లేని పిట్ట రివ్వుమనెను". భాద్రపదం వెళ్తోంది, చెరువు గట్ల మీద ఉల్లంకి పిట్టలు దిగుతున్నాయి. అందుకని పూరణలో వలస పక్షి ఒక్కటైనా కనబడాలి. ఛందస్సు తప్పితే మాస్టారు వదలరు, పక్షి తప్పితే నేను వదలను.

సూళ్ళూరుపేట సభ్యుడు:

సరసు నిండ హంస సందడించుచునుండ
తీరమందు నుండి తెల్లవారి
నిప్పు కక్కి లేచె నింగిని చీల్చుచు
రెక్క లేని పిట్ట రివ్వుమనెను

మా ఊరి నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ సరసే. రెక్క లేని పిట్ట ఏదో వేరే చెప్పాలా? పీఎస్‌ఎల్‌వీ!

మాస్టారు: మూడో పాదం చదువుతుంటే మొహానికి వేడి తగిలిందండీ. కానీ 'తీరమందు నుండి' అంటే విభక్తి మీద విభక్తి వేసినట్టు. 'తీరభూమి నుండి' అనండి, గణాలు కదలవు.

నిర్వాహకుడు: ఫ్లెమింగోని మనవాళ్ళు రాజహంస అంటారు కాబట్టి 'హంస' ఒప్పుకుంటాను. 'నిండ' మాత్రం ఒప్పుకోను. ఈశాన్య రుతుపవనం కురిశాకే కదా సరసుకు కళ! మీ ఊళ్ళో ఫ్లెమింగో పండుగ జనవరిలో చేసేది ఊరికే కాదు. 'సరసు చెంత' అంటే ఇప్పుడొచ్చిన నాలుగైదింటికీ సరిపోతుంది.

టెక్కలి సభ్యుడు: మా తేలినీలాపురం గూళ్ళ మీద రాశాను.

సైబిరియను వీడి సాగివచ్చిన తల్లి
చేప తెచ్చి నిలిచె చింత పైన
నోరు తెరచి గూట నూపిరాడక లేచి
రెక్క లేని పిట్ట రివ్వుమనెను

మాస్టారు: యతులు నాలుగూ కుదిరాయి. 'సై'కి 'సా' చెల్లుతుంది. కానీ నాయనా, రెక్కలు రాని పిల్ల 'రివ్వు'మంటుందా? కీచుమంటుంది. సమస్యను విప్పకుండా పక్కనుంచి దాటేశారు.

నిర్వాహకుడు: నా అభ్యంతరం మొదటి పాదంతోనే. తేలినీలాపురంలో గూళ్ళు కట్టేవి ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు. ఊరంతా సైబీరియా పక్షులనే అంటారు, బోర్డుల మీదా అదే చూశాను. కానీ రెండూ మన దేశపు పక్షులే, నీళ్ళూ చేపలూ చూసుకుని చోటు మారతాయి. అసలు సైబీరియా నుంచి వచ్చే పక్షి పిల్లల్ని అక్కడే లేపుకుని, చలికాలం గడపడానికి ఇక్కడికి వస్తుంది. మీ చింతచెట్టు మీద పిల్లలున్నాయంటేనే తల్లి సైబీరియాది కాదని తేలిపోయింది!

టెక్కలి సభ్యుడు: చిన్నప్పటి నుంచీ మా తాత చెప్పిందే నమ్మానండి. సరే, 'చెరువులెన్నొ దాటి చేరవచ్చిన తల్లి' అని మారుస్తున్నా. తాతకు మాత్రం మీరే చెప్పాలి.

పాలమూరు సభ్యుడు: నా పూరణలో వలస పక్షి మనిషే. మొదటి పాదం చూసి చెప్పండి: 'పొట్ట చేతపట్టి పొరుగూరికి వెళ్ళెను'.

మాస్టారు: భావం గుండెకు తగిలింది, గణం తగల్లేదు. 'పొరుగూరి' వరకు బాగుంది, మిగిలిన 'కి వెళ్ళెను' ఏ ఇంద్రగణంలోనూ ఇమడదు. 'కి' తీసేయండి, 'పొరుగూరు వెళ్ళెను' చాలు. మిగతా మూడు పాదాలూ రాసి పంపండి.

సంగారెడ్డి సభ్యుడు: నిరుడు చలికాలంలో మంజీర దగ్గర చూసిన దృశ్యం.

మంచు కొండ దాటి మా చెరువున వాలె
చారలున్న బాతు చలిని మోసి
మనసు దాని వెంట మానస సరసికే
రెక్క లేని పిట్ట రివ్వుమనెను

మాస్టారు: 'చలిని మోసి'! ఈ ఒక్క మాటకు నా ఓటు. ఒక్క చిక్కుంది. బాతు చెరువులో వాలి కూర్చుంటే మనసు 'దాని వెంట' ఎక్కడికి పోతుంది? 'మనసు దాని దారి' అనండి, అది వచ్చిన దారినే మనసు వెనక్కి వెళ్తుంది.

నిర్వాహకుడు: ఇది తల మీద రెండు నల్లచారలుండే బాతు. హంసలు వానాకాలంలో మానస సరోవరానికి పోయి శరత్తులో తిరిగొస్తాయన్నది కవిసమయం, అంటే కవులు ఆనవాయితీగా చెప్పే మాట. కట్టుకథ అని కొట్టిపారేస్తాం కానీ, ఈ బాతు నిజంగానే వేసవిలో టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని లేపి, చలికాలానికి హిమాలయాలు దాటి వస్తుంది. 7,000 మీటర్ల పైన ఎగిరిన దాఖలాలున్నాయి. పాత కవులు చూసింది దీన్నేనేమో అని నా అనుమానం, పందెం మాత్రం కట్టను.

హైదరాబాద్ సభ్యురాలు: నిన్న పొద్దున మా డాబా మీద.

మేడ మీద వ్రాలె మెల్లగా కాటుక
పిట్ట తోక నూపి, పిల్ల చూచి
చేతులెత్తి పరుగు చిందులాడుచు దీసె
రెక్క లేని పిట్ట రివ్వుమనెను

మాస్టారు: అమ్మా, సమస్య ఇంత తేలిగ్గా విడిపోతుందని అనుకోలేదు. 'కాటుక' ఒక పాదంలో, 'పిట్ట' తర్వాతి పాదంలో పడటం కూడా దాని నడకలాగే ఉంది, రెండడుగులు వేసి ఆగినట్టు. ఖంజనం అంటే ఇదే. కన్నులకు ఉపమానంగా కావ్యాల్లో తెగ వాడిన పిట్ట, శరత్తుకు గుర్తు కూడా.

నిర్వాహకుడు: పద్యానికి నేనూ చేయెత్తుతున్నాను. కానీ నియమం నియమమే. ఒళ్ళంతా నలుపూ తెలుపూ, కంటి మీద తెల్లని కనుబొమ్మ ఉన్నదైతే ఏడాదంతా ఇక్కడే ఉంటుంది, వలస లెక్కలోకి రాదు. బూడిద వీపు, పసుపు కడుపు ఉన్నదైతే చెల్లుతుంది. కడుపు ఏ రంగు?

హైదరాబాద్ సభ్యురాలు: పిట్టను పాప చూసింది, నేను పాపను చూశాను. రేపు మళ్ళీ వస్తే కడుపు చూసి చెప్తాను.