నెల ముందు పుట్టిన బాబుకి పదో వారం చెకప్: తూకంలో తేడా, రాని నవ్వు, టీకాకు ముందు పారాసిటమాల్

చిట్టితల్లి అడిగిన ప్రశ్న:

బాబుకి పది వారాలు నిండాయి. 36 వారాలకే పుట్టాడు, పుట్టినప్పుడు 2.6 కిలోలు. తల్లిపాలే ఇస్తున్నాను. ఈ వారం మామూలు చెకప్ ఉంది, టీకాలు కూడా అప్పుడే వేస్తారు. పోయిన వారం ఒక చోట తూస్తే 4.5 కిలోలు ఉన్నాడు. ఇవాళ ఇంటి తూకం మీద 4.3 చూపిస్తోంది. పాలు బాగానే తాగుతున్నాడు, రోజుకు ఏడెనిమిది డైపర్లు తడుపుతున్నాడు. మరి బరువు తగ్గినట్టేనా? ఇంకోటి, ఈ వయసుకి మనల్ని చూసి నవ్వాలంటారు, వీడు ఇంకా నవ్వడం లేదు. ఇక టీకాకు ముందే పారాసిటమాల్ వేసి తీసుకెళ్తే జ్వరం రాదని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు, వెయ్యొచ్చా? డాక్టరు గారి దగ్గర ఉండేది పది నిమిషాలే కాబట్టి ఏమేం రాసుకుని వెళ్లాలో కూడా చెప్పండి.

బుజ్జాయి డాక్టరు జవాబు:

ముందు తూకం సంగతి. రెండు వేర్వేరు తూకాల మీద వచ్చిన అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకండి. తడిసిన డైపర్ ఒక్కటే 100 నుంచి 200 గ్రాములు ఉంటుంది. స్వెటరు, టోపీ కలిస్తే ఇంకొంత. అప్పుడే తాగిన పాలూ తూగుతాయి. మీరు చూసిన 200 గ్రాముల తేడా ఈ మూడింటితోనే రావచ్చు. పసిపిల్లల్ని డైపర్ కూడా తీసేసి, ప్రతిసారీ ఒకే తూకం మీద, దాన్ని సున్నాకు తెచ్చాకే తూయాలి. డైపర్ తీయకుండా తూయబోతే "తీసేస్తానండీ" అని మీరే చెప్పండి, అందులో మొహమాటం వద్దు.

మీరిచ్చిన అంకెల్లో తక్కువదాన్నే తీసుకుందాం. 2.6 నుంచి 4.3కి, అంటే 70 రోజుల్లో 1700 గ్రాములు పెరిగాడు. రోజుకు 24 గ్రాములకు పైనే. పుట్టిన మొదటి రోజుల్లో పిల్లలందరూ కాస్త తగ్గి, రెండో వారానికి మళ్లీ పుట్టిన బరువుకు చేరతారు. ఆ రోజులు కూడా ఈ లెక్కలో కలిసే ఉన్నాయి. మొదటి మూడు నెలల్లో రోజుకు 25-30 గ్రాములు పెరగాలని చూస్తాం కాబట్టి మీ బాబు ఆ దారిలోనే ఉన్నాడు. రోజుకు ఆరుకు మించి డైపర్లు తడపడం కూడా పాలు చాలుతున్నాయనడానికి మంచి గుర్తు.

నెల ముందు పుట్టాడు కనుక ఎదుగుదల చార్టులో చుక్క ఎక్కడ పెడుతున్నారో చూడండి. పది వారాల దగ్గర కాదు, ఆరు వారాల దగ్గర పెట్టాలి. 40 వారాలకు ఎన్ని వారాలు తక్కువయ్యాయో అన్ని వారాలు వయసులోంచి తీసేస్తాం, రెండేళ్లు వచ్చేవరకు ఇదే లెక్క. ఇది మరిచిపోతే నిక్షేపంగా ఎదుగుతున్న పిల్లాడు కూడా చార్టులో కింద కనబడతాడు, అవసరం లేకపోయినా పోతపాలు మొదలుపెట్టిస్తారు. 15వ గీత మీద ఉన్నాడంటే వంద మంది పిల్లల్లో 15 మంది ఇంతకంటే తక్కువ బరువున్నారని అర్థం, అది జబ్బు కాదు. ఏ గీత మీద ఉన్నాడన్నది కాదు, ఆ గీతను పట్టుకుని సాగుతున్నాడా, దాన్ని వదిలి కిందికి జారుతున్నాడా అన్నదే మేం చూసేది. వరసగా రెండు గీతలు దాటి జారితే అప్పుడు కారణం వెతకాలి.

నవ్వుకీ అదే లెక్క. మనిషి ముఖం చూసి నవ్వడం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వస్తుంది. మీవాడికి సరిచేసిన వయసు ఆరు వారాలే, ఇప్పుడిప్పుడే రావాలి. నవ్వకపోయినా మీ ముఖాన్ని తదేకంగా చూస్తున్నాడా, మీరు పక్కకు జరిగితే కళ్లు మీ వెంట వస్తున్నాయా, పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడా అన్నది గమనించి వెళ్లండి. డాక్టరుకు ఇవే ఎక్కువ పనికొస్తాయి. చూపు నిలపడం లేదనిపిస్తే మాత్రం వచ్చేసారి చూద్దామని వదలొద్దు.

కొలతల కాగితం నర్సు జవాబు:

తూకం గురించి డాక్టరు గారు చెప్పేశారు. కానీ ఎక్కువ తప్పులు జరిగేది పొడవులో. టేపు పట్టుకుని మంచం మీద కొలిస్తే ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. తలవైపు కదలని పలక, కాళ్లవైపు జరిగే పలక ఉన్న బల్ల మీదే కొలవాలి. ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు తలను పైపలకకు ఆనించి పట్టుకుంటే, రెండోవారు మోకాళ్లు మెల్లగా అదిమి కాళ్లు చాపి, కింది పలకను అరికాళ్లకు తగిలేదాకా జరపాలి. తల మీరు పట్టుకోండి, మీ ముఖం కనబడితే బాబు కుదురుగా ఉంటాడు.

తల చుట్టుకొలతకు సాగని టేపు కావాలి. కనుబొమల పైనుంచి, చెవుల పైగా, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా రావాలి. రెండు మూడు సార్లు కొలిచి పెద్ద అంకె రాయాలి. మొదటి మూడు నెలల్లో తల నెలకు రెండు సెంటీమీటర్ల చొప్పున పెరుగుతుంది. మూడు కొలతలూ తేదీతో సహా మీ పుస్తకంలో రాయించుకోండి. క్లినిక్ కంప్యూటర్‌లో ఉంటే చాలదు, రేపు వేరే ఊరు వెళ్తే మీ చేతిలో ఏమీ ఉండదు.

రాసుకెళ్లాల్సినవి చెప్తాను. రోజుకు ఎన్నిసార్లు పాలు, ఎన్ని డైపర్లు, విరేచనం ఏ రంగు. ఏయే చుక్కల మందులు వేస్తున్నారో పేర్లు చెప్పడం కంటే ఆ సీసాలే సంచిలో వేసుకెళ్లండి. విటమిన్ డి రోజుకు 400 యూనిట్లు ఇస్తారు కానీ ఒక సీసాలో అది ఒక మి.లీ.లో ఉంటుంది, ఇంకో సీసాలో అర మి.లీ.లో, మరోదాంట్లో ఒక్క చుక్కలోనే. సీసా మార్చి పాత కొలతతోనే పోసేవాళ్లు చాలామంది. నెలలు నిండకుండా పుట్టాడు కాబట్టి ఐరన్ చుక్కలు ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి, ఇలాంటి పిల్లలకు మిగతావాళ్లకంటే ముందే ఇస్తారు. పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం తప్పకుండా ఉండాలి. పిరుదులు ముందుగా ఉండి పుట్టినా, మీ ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో తుంటి జారి ఉన్నా ఆ మాట చెప్పండి, తుంటికి అల్ట్రాసౌండ్ తీయిస్తారు. బాబు వింతగా కదలడమో, ఊపిరి తీస్తుంటే చప్పుడు రావడమో ఉంటే ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరు ముందు అది ఒక్కసారీ రాదు.

విరేచనం సుద్దలా తెల్లగా లేత రంగులో ఉన్నా, కళ్లు ఇంకా పచ్చగా ఉన్నా చెకప్ తేదీ కోసం ఆగకుండా ఆ రోజే చూపించాలి. పైత్యనాళాలు మూసుకుపోయిన పిల్లలకు రెండు నెలల్లోపు ఆపరేషన్ చేస్తేనే ఫలితం బాగుంటుంది. అది దాటినా ఎంత తొందరపడితే అంత మేలు.

బుజ్జాయి డాక్టరు జవాబు:

పారాసిటమాల్ ముందుగా వెయ్యకండి. జ్వరం రాకముందే వేస్తే కొన్ని టీకాలకు శరీరం తయారుచేసుకునే రక్షణ కాస్త తగ్గుతుందని తేలింది. మెనింజైటిస్ బి టీకా వేసేటప్పుడు మాత్రం మేమే వేయమంటాం, అది వేరు. జ్వరం వచ్చాక మోతాదు బరువుకు కిలోకు 10-15 మి.గ్రా. మీ బాబు 4.4 కిలోలని అనుకుంటే 60 మి.గ్రా. దాకా. ఒక మి.లీ.లో 100 మి.గ్రా. ఉండే చుక్కల మందైతే 0.6 మి.లీ., ఐదు మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 2.5 మి.లీ. ఇక్కడే ప్రమాదం. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే 250 మి.గ్రా. వెళ్తుంది, అంటే నాలుగింతలు. అందుకే మోతాదును మి.గ్రా.లోనూ మి.లీ.లోనూ డాక్టరు చేత రాయించుకుని, చెంచాతో కాకుండా సూది లేని సిరంజితో కొలవండి. మళ్లీ వేయాలంటే ఆరు గంటలు ఆగాలి.

టీకా జ్వరం మామూలుగా ఒక రోజులో వచ్చి రెండు రోజుల్లో పోతుంది. అయితే మూడు నెలలు నిండని బిడ్డకు 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ తాకితే టీకా వల్లేలే అని మీరే తేల్చుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. పాలు తాగకపోయినా, మగతగా ఉండి లేపినా లేవకపోయినా, మూడు గంటలకు మించి ఆగకుండా ఏడ్చినా నేరుగా తీసుకెళ్లండి.

ఇంకో చిన్న మాట. బయల్దేరే ముందు కడుపునిండా పట్టించకండి, ఆకలితోనూ తీసుకెళ్లకండి. సగం పాలు ముందు, మిగతా సగం సూది వేసేటప్పుడు. నిద్రలోనో కుదురుగానో ఉన్నప్పుడే గుండె చప్పుడు, గజ్జల్లో నాడి, తుంటి చూడాలి. ఏడుస్తూ కండరాలు బిగబట్టుకున్నాడంటే తుంటిలో వదులు చేతికి తెలియదు. గొంతు, చెవులు చివర్లో చూస్తాం. సూది వేస్తున్నప్పుడు రొమ్ము నోట్లో ఉంటే నొప్పి తక్కువగా తెలుస్తుంది.

చిట్టితల్లి:

చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. నిన్నటి నుంచి ముక్కు కారుతోంది, జ్వరం లేదు. టీకా వాయిదా వేసుకోవాలా? నెల ముందు పుట్టాడు కదా, టీకాకు కూడా వయసు సరిచేయాలా?

కొలతల కాగితం నర్సు జవాబు:

రెండూ అక్కర్లేదండి. ఉత్త జలుబుకు టీకా ఆపరు. టీకాల వయసు పుట్టిన తేదీ నుంచే లెక్క, అందులో సరిచేయడం లేదు. నెలలు నిండని పిల్లలకు కోరింత దగ్గు లాంటివి ఇంకా గట్టిగా తగులుతాయి కాబట్టి ఆలస్యం అసలు చేయకూడదు. సూది తొడ ముందు భాగంలో బయటివైపు వేస్తారు. ఆ చోట రుద్దకండి, వేడి కాపడం పెట్టకండి. చిన్న గడ్డ కడితే కొన్ని వారాలు ఉండి దానంతటదే కరుగుతుంది. వేశాక అరగంట అక్కడే కూర్చోండి. రోటావైరస్ చుక్కలు కూడా వేస్తే కొన్నాళ్లపాటు డైపర్ మార్చిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ టీకా వైరస్ విరేచనంలో బయటికి వస్తుంది. తర్వాతి డోసుకు కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. ఒకవేళ ఆ తేదీ తప్పిపోతే మొదటి నుంచి మొదలుపెట్టరు, ఆగిన దగ్గర్నుంచే వేస్తారు.